క్యాడీ లేని పోటీ

గోల్ఫ్ ఆటగాడూ అతని భార్యా భోజనాల బల్ల సర్దుతూ మాటామాటా అనుకుంటున్నారు.

“తడి తువ్వాలు కుర్చీ మీద వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ? మీ క్యాడీని చూసైనా నేర్చుకోండి, చక్కగా ఆరేస్తాడు.”

“అతన్ని పంపించేశాను.”

“అయ్యో! ఇన్నేళ్లుగా మీ గోల్ఫ్ కర్రల సంచి మోసిన మనిషిని! ఏం తప్పు చేశాడని?”

“తప్పేం లేదు. పెద్ద కప్పులు గెలిచే ఆటగాడొకడు అతన్ని రమ్మన్నాడు. అక్కడ గెలుపు సొమ్ములో పదో వంతు క్యాడీదే. నా దగ్గరేముంది? మొదటి రెండు రోజుల్లో వెనకబడితే నాకే పైసా రాదు.”

“ఎగిరి గంతేసి ఉంటాడు.”

“వెళ్లనని భీష్మించాడు. నీకు గాలి అంచనా కట్టడం రాదని తిట్టి పంపాను.”

“చిటికెడు గడ్డి ఎగరేసి గాలి సంగతంతా చెప్పేస్తాడే, అతన్నా?”

“లేకపోతే కదిలేవాడా?”

“మీరు కప్పు తెచ్చిన రోజు కూడా నాకింత గొప్పగా అనిపించలేదండీ. మరి వచ్చేవారం పోటీ?”

“క్యాడీ లేనిదే ఆడనివ్వరు, ఇంకొకర్ని పెట్టుకునే స్తోమత లేదు. మానేస్తాను.”

అత్తగారు వచ్చి కూర్చున్నాక, ఆమె వడ్డిస్తూ అంది:

“అత్తయ్యా, వచ్చేవారం ఇల్లు మీదే. ఈయన సంచి నేను మోస్తున్నాను.”