పన్నెండు సెకండ్లు

లాలాగూడలో ఒక డాబా మీద, ఆదివారం, చర్చి నుంచి వచ్చినంక. ఎలీనా, ఆమె తమ్ముడు జ్ఞానశేఖర్.

"నా ఫోన్ ఇటియ్యి అక్కా. ఒకరి మెయిల్స్ చదవొద్దని తెల్వదా?"

"ఒకరివా? ఆ గేమ్ ఐడీ ఎవరిది శేఖర్?"

"నీదే."

"ఆడేదెవరు?"

"నువ్వే. అప్పుడప్పుడు నేను సుత..."

"నువ్వెప్పుడాడినవ్ రా? రెండు మ్యాచ్‌లాడి రెండు ఓడగొట్టినవ్, గంతే. ఇంద, చదువు. గట్టిగ చదువు."

"ఎందుకిప్పుడు..."

"చదువుమన్న."

"అభినందనలు జ్ఞానశేఖర్ గారూ. మీ ఆట మా కోచ్‌కు చాలా నచ్చింది. బెంగళూరులో ఉండి జీతానికి ఆడే మా టీం ఐదుగురిలో మీరొకరు..."

"ఆగు. మీ ఆట అంట. ఎవరి ఆట?"

"మెల్లగ అక్కా. పక్కింటి ఆలిస్ ఆంటీ వింటది."

"విననీ. ల్యాబ్‌ల పొద్దంత రిపోర్టులు టైప్ చేసొచ్చి, వేళ్లు గుంజుతుంటే సుత ఆడిన. రెండేండ్లు. అందరు కొట్టే హీరోలను తీస్కుంటరు. నేను దెబ్బలు తగిలినోళ్లకు మందేసి లేపే హీరోను తీస్కున్న. ఎవ్వరు చెయ్యరు ఆ పని."

"తెల్సక్కా. అందుకే కదా వాళ్లు పిలిచిన్రు."

"నన్ను పిలిచిన్రు! నన్ను!"

"నీకు నౌకరి ఉన్నది. నేను ఇంటర్వ్యూలకు తిరిగి తిరిగి పరేషాన్ అయితున్న. జెర సోంచాయించు."

"అయితే నన్ను అడగాలె."

"అడిగితే ఇస్తుంటివా?"

"ఇయ్యకపోదును. అది నాది. సరే, ఒక్కటి చెప్పు. పోయిన నెల ఫైనల్ చూసి కోచ్ కుర్చీలకెళ్లి లేచిండంట, రాసిన్రు గదా. ఏం చేసిన నేనప్పుడు?"

"అదే... టీంను కాపాడినవ్."

"ఎట్ల?"

"మందేసి."

"ఎవరికి?"

"టీంకు."

"టీమే లేదు రా! నలుగురు సచ్చిన్రు. మళ్ల లేవనీకి పన్నెండు సెకండ్లు. అవతల ఐదుగురు మా కోట మీదికొస్తున్నరు. పారిపో, పారిపో అని అందరు ఒర్రుతున్నరు. నేను పోలే. కోట ముంగట నిలబడి, వాళ్లు కొడుతుంటే నాకు నేనే మందేసుకుంట లెక్కపెట్టిన. ఒకటి, రెండు... పన్నెండు. మావోళ్లు లేచిన్రు. అప్పుడు సచ్చిన. గెలిచినం."

"గట్ల నాకు రాదక్కా."

"బుధవారం కోచ్ ముంగట కూసోబెడ్తరు నిన్ను. ఏం చేస్తవ్?"

"ఇంక మూడు రోజులున్నయ్. నువ్వు నేర్పిస్తే..."

"నేనా? నీకు?"

"నీ తమ్మున్ని గదక్కా."

"అందుకే మండుతున్నది. బయటోడైతే బ్లాక్ చేసి ఊకుంటుంటి."

"తప్పే. తప్పయింది. ఏం చేయమంటవ్ ఇప్పుడు?"

"ముందుగాల ఇది చెప్పు. నా మెయిల్‌కొచ్చిన పిలుపుకు జవాబిచ్చినవ్ గద, ఇగో కిందనే ఉన్నది. 'ఈ ఐడీ నాది. మా అక్క ఫోన్ నుంచి ఆడుత. ఆమెకు గేమ్ రాదు. ఇగ నుంచి నా మెయిల్‌కు రాయండి.' ఆమెకు గేమ్ రాదు! చేతులెట్లొచ్చినయ్ రా నీకు?"

"అది... అక్కా, అదంత ఇప్పుడొద్దు."

"ఎందుకొద్దు? పా కిందికి. అమ్మ ముంగట చెప్పు. నేను ఆడుతుంటే అన్నం కలిపి నోట్ల పెట్టింది అమ్మ. ముప్పై ఏండ్లు టీచర్ చేసింది, అబద్ధం ఆడితే ఎవ్వర్నీ ఇడువదు."

"అమ్మ దాకా వద్దు."

"భయమైతున్నదా?"

"బతిమాల్త అక్కా. కావాలంటే నేను పోను. ఇప్పుడే వాళ్లకు రాస్త, పోనని రాస్త. అమ్మనొక్కదాన్ని అడగకు."

"జరుగు. మెట్లకడ్డం నిలబడకు."

"నీకు పిలుపొచ్చిందని నాకు సుత తెల్వకుండె. నువ్వు స్నానంకు పోయినప్పుడు నీ ఫోన్‌కు వచ్చిందంట. నాకు చెప్పేసరికే జవాబు పోయింది, నీ ఫోన్‌ల తీసేసుడు సుత అయింది."

"పోయిందా? మరెవరు రాసిన్రు?"

"నలుగురు మగపిల్లల నడుమ ఆడపిల్లను పంపుతమా అన్నది... నా పేరు సుత అమ్మనే రాసిందక్కా."