గ్లెనిస్ ఎవరినీ అడగలేదు

సభాధ్యక్షులు, అవసరం ఉన్నవాళ్లకు ఉచితంగా కూరగాయలిచ్చే మన పాంట్రీ కమిటీ పెద్ద డారెల్ వైనీ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వంకర క్యారెట్లనూ బుల్లి బంగాళాదుంపలనూ పారబోయకుండా మాకు పంపే అల్వర్‌స్టోన్ రైతులకు, ప్రతి గురువారం పాంట్రీలో నాతో పనిచేసే, ఇప్పుడు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ స్నేహితులకు, ఇన్నేళ్లూ పాంట్రీ నడిపి ఇవాళ మీరు వీడ్కోలు చెబుతున్న గ్లెనిస్ బ్రామిచ్‌కు నమస్కారం. నేను లొరెల్ పైబస్‌ని. ఉల్లిపాయల బల్ల నాది. చప్పట్లు కొట్టవద్దని ముందే మనవి చేస్తున్నాను. ఆటిజం ఉన్న మాలో కొందరికి ఆ చప్పుడు చెవుల్లో మేకు దిగినట్టుంటుంది, అందుకే మా పాంట్రీలో చేతులు పైకెత్తి ఊపుతాం.

(చేతులు ఊపుతారు. ఒకరు చప్పట్లు మొదలుపెట్టి ఆపేస్తారు.)

పరవాలేదండీ, నా బల్ల దగ్గర పనిచేసే వెస్ హెడ్‌ఫోన్లు పెట్టుకునే వచ్చాడు.

డారెల్ గారు ఇందాక మెట్ల దగ్గర నన్ను ఆపి, "లొరెల్, అభినందనలు చెప్పు, ఆరోగ్యంగా ఉండమను, దిగిపో. సరేనా తల్లీ?" అన్నారు. నేను సరే అనలేదు. ఆయన అన్నాననుకున్నట్టున్నారు. (నవ్వులు.) నవ్వించడానికి చెప్పలేదు. మాట ఇవ్వకుండానే ఇచ్చానని రేపు ఎవరూ అనకూడదని చెప్పాను.

గ్లెనిస్ అలసిపోయి విశ్రాంతి తీసుకుంటోందని ఇంతకుముందు మాట్లాడిన పెద్దలందరూ చెప్పారు. ఆవిడకు అలసట ఏమీ లేదు. మొన్న సోమవారం లారీలోంచి గుమ్మడికాయల బస్తాలు తనే దించి, ఆలస్యంగా వచ్చిన డ్రైవరును "దారిలో పెళ్లి చేసుకుని వచ్చావా నాయనా?" అని వాయించింది కూడా. విశ్రాంతి ఆవిడ అడగలేదు. మీరు ఇచ్చారు.

(సభలో కదలిక. అధ్యక్షులు గడియారం చూసుకుంటారు.)

ఇది నాకెలా తెలుసంటే, మీ కమిటీ సమావేశం జరిగింది మేం పనిచేసే గదిలోనే. వెస్, నేను ఉల్లిపాయలు ఏరుతున్నాం. మేం మీ ముఖాల వైపు చూడం కాబట్టి మీ మాటలు కూడా వినమని మీకో నమ్మకం, అందుకే క్యాబేజీల పక్కన మాట్లాడుకున్నట్టు మా పక్కనే అంతా మాట్లాడుకున్నారు. మేం విన్నాం. ఇకనుంచి కూరగాయల కోసం వచ్చినవాళ్లను తలుపు దగ్గర ఆపి, ఎందుకు అవసరం పడింది, ఇంట్లో సంపాదించేవాళ్లు ఎవరు, అని అడగాలన్నారు. గ్లెనిస్ కాదంది. మీరు మళ్లీ అడిగారు, ఆవిడ మళ్లీ కాదంది. ఆ తర్వాతే ఆవిడ అలసిపోయిందని మీకు తోచింది.

డారెల్ గారూ, మీ మీద నాకు కోపం ఉంది, కాని మీరు చెడ్డవారని నేను అనడంలేదు. శీతాకాలం మొదట్లో మధ్యాహ్నానికే బంగాళాదుంపలు అయిపోయి, ఒక ముసలావిడ ఖాళీ సంచితో వెళ్లిపోయింది. అదే రోజు పొద్దున ఒకాయన మెరిసే కారులో వచ్చి రెండు పెట్టెలు పట్టుకుపోయాడు. మీకు కడుపు మండింది. నాకూ మండింది. తలుపు దగ్గర మనిషి ఉండాలన్నారు, ఆ మనిషిని నేనే అవుతానన్నారు. న్యాయంగానే ఆలోచించారు. కాని తలుపుకు అవతల నిలబడటం ఎలా ఉంటుందో మీకు తెలియదు.

(అధ్యక్షులు: "లొరెల్, ఇక ముగించమ్మా, టీ చల్లారిపోతోంది.")

టీ మళ్లీ పెట్టుకోవచ్చండీ. దగ్గరకొచ్చేశాను.

కూరగాయలు శుద్ధి చేసే ఫ్యాక్టరీ మూసేసినప్పుడు నా ఉద్యోగం పోయింది. ఇంట్లో బ్రెడ్డు, దాని మీద రాసుకోవడానికి వెజిమైట్ తప్ప ఏమీ లేని రోజుల్లో, ఈ పాంట్రీ సంగతి గ్రంథాలయంలో ఎవరో చెబితే విని, ఏం అడుగుతారో, నేను ఏం చెప్పాలో అద్దం ముందు నిలబడి వల్లెవేసుకున్నాను. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు ముందే వల్లెవేసుకోవాలి. మొదటిసారి గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాను. రెండోసారీ అంతే. మూడోసారి లోపలికి వచ్చాను. గ్లెనిస్ నా ముఖం కేసి చూడకుండా, చేతిలోని క్యారెట్ కేసి చూస్తూ, "మట్టితో ఉన్నవి కావాలా, కడిగినవా?" అంది. ఇంకేమీ అడగలేదు. ఎక్కడ ఉంటావనలేదు, ఎందుకొచ్చావనలేదు. మట్టితో ఉన్నవి, అన్నాను. "మంచిది, అవే నిలవుంటాయి" అంది. నేను వల్లెవేసిన జవాబు నోట్లోనే ఉండిపోయింది. దారి పొడుగునా ఏడ్చుకుంటూ ఇంటికెళ్లాను, అది సంతోషమని తర్వాత తెలిసింది.

కొన్నాళ్లకు "ఈ ఉల్లిపాయలు ఏరిపెడతావా?" అంది. అలా మీ అందరి దృష్టిలో నేను వాలంటీరునయ్యాను. ఇందాక ఒక పెద్దాయన నన్ను మెచ్చుకుంటూ, లొరెల్ ప్రతి గురువారం ఎవరో కదల్లేని ముసలివాళ్లకు ఒక పెట్టె మోసుకెళ్లి ఇస్తుందన్నారు. ఇవ్వను. ఎవరికని ఎవరూ అడగలేదు కనక నేనూ చెప్పలేదు.

ఆ పెట్టె నాదే.



ఇన్నేళ్లూ నాదే. గ్లెనిస్‌కు తెలుసు. ఇవాళ నేను చెప్పేదాకా ఆవిడ నోట ఎవరూ వినలేదు. ఇప్పుడు మీకందరికీ తెలిసిపోయింది, ఇక రాసుకొచ్చిన ఈ కాగితం బల్ల మీద పెడుతున్నాను.

డారెల్ గారూ, వచ్చే గురువారం తలుపు దగ్గర మీరు ఉంటారు. వరుసలో నేనూ ఉంటాను. అప్పటిదాకా ఎందుకు, ఇప్పుడే అడగండి. నాకు ఎందుకు అవసరం పడిందో, ఇంట్లో సంపాదించేవాళ్లు ఎవరో అడగండి. జవాబు చెబుతాను.

(అధ్యక్షులు మైకు అందుకుని, దించేస్తారు.)

నేను ఆగుతాను. మౌనంగా ఉంటే మీకు ఇబ్బందేమో, నాకు కాదు.

(అధ్యక్షులు: "ఇప్పుడేంటి లొరెల్... ఇంతమందిలో ఎలా అడుగుతానమ్మా?")

గురువారం కూడా ఇంతమందీ ఉంటారండీ. అందరూ చుట్టుపక్కల వాళ్లే. అడగండి.

(అధ్యక్షులు, మైకు లేకుండా: "నా వల్ల కాదమ్మా. అడగలేను.")

ఆ రోజు సమావేశంలో గ్లెనిస్ కూడా మీతో సరిగ్గా ఈ మాటే అంది.

(వెనక గోడ దగ్గర వెస్ చేతులు పైకెత్తి ఊపుతాడు. తర్వాత రైతులు. తర్వాత సభంతా.)

గ్లెనిస్, నేను కౌగిలించుకోనని నీకు తెలుసు, కాబట్టి ఇక్కడినుంచే చెబుతున్నాను. నువ్వు వెళ్లడం నాకు ఇష్టం లేదు. అభినందనలు అనే మాట నాకు రావడంలేదు. ఆరోగ్యంగా మాత్రం ఉండు. ఓపిక పట్టి విన్న పెద్దలకు, మాట ఆపించని స్నేహితులకు, నిజం చెప్పిన అధ్యక్షుల వారికి కృతజ్ఞతలు. ఇక దిగిపోతున్నాను, సెలవు.