కాలేషా ఫోనులో ఆకాశవాణి

నవంబరు పదో తేదీ, సోమవారం. సౌదీలోని హుఫూఫ్ ఖర్జూరపు తోటలోని గదిలో ఉన్నది ఇద్దరే: మరణించిన కాలేషాకు అన్న, వారి తోటి పనివాడు. కాలేషా ఫోనులో ఆకాశవాణి ఉదయం నుంచీ పలుకుతూనే ఉంది.

"అన్నా, ఈడనే మట్టి చేసేదానికి సంతకం పెట్టు. మనల్ని పనికి పెట్టుకున్న కఫీల్ మనిషి బయట కాచుకోనుండాడు."

"రైతుల కార్యక్రమం అయిపోనీ."

"పొద్దున వార్తలన్నావు, తర్వాత డాక్టరు సలహాలన్నావు."

"వాడు ఒక్కటీ ఇడిసేటోడు కాదురా. చెట్టెక్కినా జేబులో ఇదే మోగేది."

"కాలేషా ఇంటామె రోషన్ బీ వదిన ఏమనింది?"

"'ఇంటికి పంపేదాకా నెలరోజులు ఐసుపెట్టెలో ఉంచొద్దు, ఆడనే పూడ్చండి బావా' అనింది."

"మరింకేంది?"

"సంతకం పెడితే, నా చేత్తోనే వాణ్ణి ఈడ వదిలిపోయినట్టు గదరా."

రైతుల కార్యక్రమం ముగిసింది.

"సాయంత్రం నాటకముంది. వాడికి ప్రాణం."

"అందాకా ఆగమని చెప్పనా?"

"వద్దులే. తమ్ముణ్ణింక కాయబెట్టకూడదు."

ఫోను ఆపడానికి చేతులు రాని అన్న, సంతకం చేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కఫీల్ మనిషికి ఇవ్వడానికి బయటికి నడిచాడు.