టమాటా లారీలో పిస్తోలు

రండి బాబూ, దగ్గరగా జరగండి. వెనకున్నవాళ్లకు సగం మాటే అందితే ఆ పాపం నాది. దేవుడు అందరికీ ఒక్క నోరే ఇచ్చాడు గానీ, రేవు గేటు ఎదుట టీకొట్లో కూర్చునే ఎక్స్‌రే బాబాయ్‌కి మాత్రం కొసరు కూడా వేసినట్టున్నాడు.

ఆ రేవులో లారీ తలుపు తీయకుండానే ఎక్స్‌రే తీసి, లోపలేముందో తెర మీద చూస్తారు. చూసేవాళ్లకు తర్ఫీదు కావాలిగా, అందుకు కంప్యూటర్లో ఉత్తుత్తి ఎక్స్‌రే బొమ్మలు తయారుచేయడం బాబాయ్ ఉద్యోగం.

ఓ పొద్దున ఆ టీకొట్టు బెంచీ చివర ఓ లారీ డ్రైవరు తల పట్టుకు కూర్చున్నాడు. లోడులో పిస్తోలు కనబడిందని నిన్న అతని లారీ ఆపేశారు. బుట్టలన్నీ దింపి వెతికినా దొరకలేదు, అలాగని వదలనూ లేదు. ఎండకు టమాటాలు కారిపోతున్నాయి.

"మొదట్లో ఓ చిన్న కత్తి గీశానర్రా," అని ఎత్తుకున్నాడు బాబాయ్. "తెర చూసే ఆవిడ దాని మీద వేలు పెట్టి, తెగిందని కట్టు కట్టించుకుంది!"

"తెర మీది కత్తికా?" అన్నాడు టీకొట్టాయన.

"మరేమనుకున్నావ్? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏనుగును గీశాను. ఆ బొమ్మ బరువుకే ఓడ ఓ పక్కకి ఒరిగిపోయి, కెప్టెన్ వచ్చి నా కాళ్ల మీద పడ్డాడు. పోనీలే పాపమని తోక చెరిపాను, ఓడ నిలబడింది!"

"తోకకేం బరువుంటుంది బాబాయ్?"

"గీసిందెవరనుకున్నావ్! అంతెందుకు, నిన్న ఓ పిస్తోలు గీసి, పిడి మీద నా గుర్తుగా నక్షత్రం పెట్టి, సరదాకి నిజం లారీ బొమ్మలో అతికించా. మహా మహా ఆఫీసర్లు ఇంకా వెతుకుతూనే ఉన్నారు!"

డ్రైవరు తలెత్తాడు. "అది నా లారీ సారూ."

బాబాయ్ బెంచీ మీంచి లేవబోయాడు. "అబ్బే, ఊరికే కోశాను తమ్ముడూ. పిస్తోలూ లేదు, గిస్తోలూ లేదు."

"మరి ఏనుగో?" అన్నాడు టీకొట్టాయన.

"ఏనుగూ లేదు."

"నక్షత్రం మాత్రం ఉంది," అన్నాడు డ్రైవరు. "ఆఫీసరు తెర మీద చూపించాడు. ఆ సంగతి ఇక్కడ నేనెవరికీ చెప్పలేదు, గీసినవాడికే తెలియాలి. భయపడకండి, కొట్టను. ఇక్కడ చెప్పిన మాటే గేటు దగ్గరా చెప్పండి, చాలు."

చెయ్యి పట్టుకుని నడిపించాడు. ఓడను ఒరిగించిన మొనగాడి గొంతు ఆఫీసరు ముందు చీమకు కూడా వినబడలేదు.

"కాస్త గట్టిగా సారూ. టీకొట్లో చెప్పినట్టు."

"నేనే... గీశానండీ."

గేటు లేచింది.

నాయనలారా, ఏనుగును మర్చిపోండి, ఓడను మర్చిపోండి. ఆ డ్రైవరు చెయ్యెత్తలేదు, తిట్టలేదు. కోతలరాయుణ్ణి ఆ కోత పనికొచ్చే చోటికి నడిపించాడు. అదొక్కటి గుర్తుంచుకోండి. మీకూ ఇలాంటి కోతలరాయుడొకడు తగులుతాడు, అలాంటివాళ్లకు దేవుడు ఏనాడూ కరువు రానివ్వలేదు. అప్పుడు మీరూ అదే చేయండి.