ట్యాంకు బొమ్మ కింది లైను

పత్రికాఫీసులో సంపాదకుడి గది. కుర్చీలో బావ. ఎదురుగా నిలబడ్డది మరదలు, పదకొండేళ్ళుగా ఆ పత్రికకి వ్యంగ్యచిత్రాలు గీస్తున్న మనిషి.

“మళ్ళీ అడుగుతున్నా బావా. బొమ్మ కింద లైను ఏమైంది?”

“చెప్పాగా, జాగా చాల్లేదని. ముందు కూర్చో.”

“కూర్చోను. ఒక్క లైనుకి జాగా లేదా?”

“ఆఖర్లో ప్రకటన వచ్చి పడింది. అయినా బొమ్మ మాట్లాడాలి గానీ లైనెందుకు?”

“ఏం మాట్లాడింది? పరాయి దేశపోడు నీళ్ళ ట్యాంకెక్కి సీసా వంచుతున్నాడు. కింద జనం జెండాలు ఊపుతూ అరుస్తున్నారు. ‘విషం బుర్రల్లోనే పోసేశాక, ఇంక ట్యాంకులోకి మిగిలిందెక్కడ?’ అని రాస్తేనే అది వెటకారం. పీకేశాక ఏమైంది? పరాయివాళ్ళు నీళ్ళలో విషం కలుపుతున్నారన్న పుకారుకి సాక్ష్యమైంది.”

“జనానికి నచ్చింది. కాపీలన్నీ అయిపోయాయి.”

“నచ్చదూ మరి? వెర్రివాళ్ళని గీస్తే వీరులయ్యారు. వినాయకుణ్ణి చేయబోతే కోతైందట.”

“అబ్బా, గోరంతని కొండంత చేస్తావు.”

“గోరంతా? పంపు ఆపరేటర్ని నిచ్చెన మీంచి లాగి పడేశారు. ఇరవై ఏళ్ళ కిందట సరిహద్దు దాటి వచ్చాడు, అదొక్కటే అతని తప్పు. కాలు విరిగింది. అతని ఇంటి గోడకి నా బొమ్మ అంటించారు బావా. కింద నా సంతకం.”

“ఆస్పత్రిలో బాగానే చూస్తున్నారటగా.”

“పెళ్ళాం పిల్లలు ఇంట్లోనే ఉన్నారు. సాయంత్రం ఆ కొట్టినవాళ్ళ ఊరేగింపు ఆ వీధిలోంచే. ఈలోపే సవరణ వెయ్యి. లైనుతో సహా బొమ్మ, క్షమాపణ. నెట్‌లో ఇప్పుడే పెట్టు.”

“చూద్దాం.”

“చూద్దాం కాదు.”

“చూద్దాం అన్నానా? సవరణ వేస్తే దేశద్రోహులంటారు. వచ్చి మన ఆఫీసు మీద పడతారు.”

“పడనీ. నీళ్ళ పరీక్ష రిపోర్టు నీ బల్ల మీదే ఉంది. ఏ విషమూ లేదని రాసుంది. పోనీ అదన్నా వెయ్యి.”

“రిపోర్టులదేముంది, ఎవరికి కావలసినట్టు వాళ్ళు రాయించుకుంటారు.”

“ఏమిటీ?”

“ఏం లేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, అందుకని...”

“ఇటు చూడు బావా. జాగా లేకే తీశావా?”

“అది కాదమ్మాయ్...”

“జాగా లేకేనా?”

“నవ్వుతావని నీతో చెప్పొద్దంది మీ అక్క. పిల్లలకి ఆ కుళాయి నీళ్ళు ఇవ్వడం మానేసి నెలైంది.”