మీడియం సైజు మనిషి

చెల్లెలు మంచం మీద పడుకొని ఉంది. బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరుగా పనిచేసే అన్న పక్కన కుర్చీలో కూర్చొని ఉన్నాడు.

"అంతా ఆ నల్లద్దాలాయన చేసిన పని. మేనేజరని కుర్చీ ఇచ్చారు గానీ, వాడికి గుండీ కుట్టడం కూడా రాదు. నోరొక్కటే ఉంది. నువ్వు పని మానేశావంటే వాడి వల్లే. నాకు తెలుసు."

"మానేశానని నీకెవరు చెప్పారు?"

"పోయిన వారం నుంచి రావట్లేదు. ఇంకెవరో చెప్పాలా?"

"పడిపోయాను కదా అన్నయ్యా. అందరి ముందూ."

"కళ్ళు తిరిగాయి, పడ్డావు. నీళ్ళు తాగించాం, లేచావు. బండి మాట్లాడి ఎక్కించింది ఎవరు? నేను కాదూ?"

"ఎక్కించావు. ఎక్కించే ముందు ఆడవాళ్ళని పిలిచి నా ఒంటి మీది గౌను విప్పించావు."

"అది శాంపిలు. ఆర్డరంతా దాని మీదే ఆధారపడి ఉంది. నలిగితే..."

"నలిగితే మళ్ళీ ఇస్త్రీ చెయ్యాలి. తెలుసులే."

"అలా పుల్లవిరుపుగా మాట్లాడకు. ఇప్పుడెలా ఉంది ఒంట్లో?"

"ఉంది."

"బాగుంటే రేపు రా. కొనేవాళ్ళు పొద్దున్నే వస్తున్నారు. కొత్త గౌన్లన్నీ నీ కొలతకే కత్తిరించాను. ఇంకెవరికి తొడిగినా భుజాలు జారిపోతాయి. ఎవరో ఒకరు పెట్టె ఎక్కి నిలబడాలి కదా, వాళ్ళు చూడడానికి."

"షోకేసులో బొమ్మ ఉందిగా. దానికి తొడుగు."

"బొమ్మ చెయ్యెత్తదు, వంగదు, కూర్చోదు. చంక దగ్గర బిగుసుకుంటుందో లేదో దానికేం తెలుస్తుంది?"

"పోయినసారి వచ్చిన ఆ పెద్దావిడ ఏమందో గుర్తుందా? 'దీని చెయ్యి ఎత్తించండి' అంది. నీతో అంది. నేను ఆవిడ ముక్కుకి ఎదురుగానే ఉన్నాను. అప్పుడు నువ్వేం చేశావు?"

"ఏం చేశాను?"

"చెయ్యెత్తమ్మా అని నాకు చెప్పలేదు. మోచెయ్యి పట్టుకొని నువ్వే పైకెత్తావు. అడ్డమొచ్చిన చీపురు పక్కన పెట్టినట్టు."

"తొందరలో... చుట్టూ అంతమంది ఉంటే..."

"పిన్ను గుచ్చుకుంటే అబ్బా అన్నాను. గుడ్డకి రక్తం అంటిందేమో చూడమని నల్లద్దాలాయన అన్నాడు. నువ్వు గుడ్డే చూశావు."

"వాడి బుద్ధే అంత. ఒక్కళ్ళనీ పేరు పెట్టి పిలవడు, సైజు పెట్టే పిలుస్తాడు. మీడియం వచ్చిందా, మీడియం టీ తాగిందా, మీడియాన్ని త్వరగా ఎక్కించండి..."

"నువ్వేమని పిలుస్తావు?"

"నేనా? నేను... అక్కడ అందరి ముందు చెల్లీ అంటే బాగోదని..."

"నువ్వూ మీడియమే అంటావు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఇంటికొచ్చి చెబితే మీ బావ కూడా నవ్వాడు. నోరు మాత్రం లార్జ్ అన్నాడు."

"బావ కనపడడేం?"

"మందులకి వెళ్ళాడు."

"కళ్ళు తిరిగినదానికి మందులెందుకు? తిండి తగ్గించమన్నానే గానీ, మరీ కడుపు మాడ్చుకోమన్నానా?"

"అసలెందుకు తగ్గించమన్నావు?"

"నడుము పెరిగింది కదా. ప్రతి సోమవారం కొలుస్తున్నాను. అరంగుళం పెరిగింది, ఆ తర్వాత ఇంకో అరంగుళం. జిప్పు పడట్లేదు. మనిషిని మార్చేద్దామని నల్లద్దాలాయన అన్నాడు. నేనే బతిమాలాను, రాత్రి తిండి మాన్పిస్తాను, దారికొస్తుంది అని. నీ మంచికే కదా చేశాను."

"నడుమొక్కటే పెరిగిందా?"

"ఛాతీ కూడా. కొద్దిగా."

"మీ వీధిలో టీచరమ్మకి కొలతలు తీస్తూ, ఏమ్మా విశేషమా అని అడిగావట. అప్పటికి ఆవిడకే తెలీదు. డాక్టరు దగ్గరికి వెళ్తే నిజమేనని తేలింది. మా ఆయన టేపు ముందు స్కానింగు మిషను కూడా బలాదూరేనని వదిన నెల రోజులు అందరికీ చెప్పుకు తిరిగింది."

"అవును, ఆ టీచరమ్మ... ఆగు. ఆగాగు. చెల్లీ, నువ్వు..."

"మూడో నెల."

"నాకు చెప్పనేలేదు."

"నాకు తెలిస్తే కదా చెప్పడానికి. నెల తప్పితే నీరసం వల్లనేమో అనుకున్నాను. పడిపోయాక డాక్టరమ్మ చూసి చెప్పింది. రక్తం కనపడుతోంది అన్నయ్యా. నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనంది, మంచం దిగొద్దంది. రాత్రిళ్ళు ఏం తింటున్నావు అని అడిగింది. ఏమని చెప్పను?"

"నాకు తట్టలేదు. ఒట్టు, నాకు తట్టనే లేదు."

"టీచరమ్మ సంగతి ఎలా తట్టింది?"

"ఆవిడ మొహం చూశాను. ఇంటి దగ్గర కొలిచేటప్పుడు అదీ ఇదీ మాట్లాడుతూ మొహం చూస్తాం కదా. కళ్ళ కింద ఏదో తేడా... చూస్తే తెలిసిపోతుంది."

"మరి నా మొహం?"

"ఫ్యాక్టరీలో టేపు మీద అంకె చూసి గట్టిగా అరవాలి, రాసుకునేవాడు ఆ మూలెక్కడో కూర్చుంటాడు. బడి మానేసి కత్తెర పట్టుకున్నప్పటి నుంచీ నా కళ్ళకి అంకెలే అలవాటయ్యాయి. నీ మొహం దాకా..."

"రాలేదు."

"రాలేదు."

"నేనూ నీ మొహం చూడలేదులే. మొదటి రోజు చూశాను. అన్నయ్య చేతులు అనుకునేసరికి ఎక్కడికైనా పారిపోదామనిపించింది. తర్వాత నుంచి గోడ వైపు చూసేదాన్ని. ఇవి చేతులు కావు, ఏదో మిషను తిరుగుతోంది అనుకునేదాన్ని. అలా అనుకోబట్టే నిలబడగలిగాను."

"వదినని పంపిస్తాను. ఇక్కడే ఉండి వండిపెడుతుంది. పళ్ళు తెస్తుంది. నువ్వు కాలు కింద పెట్టకు."

"సరే. పొద్దుపోతోంది, వెళ్ళు."

"వెళ్తాను... చెల్లీ."

"ఏంటి?"

"రేపు ఒక్క పూట. పెట్టె ఎక్కొద్దు, కుర్చీలోనే కూర్చో. నడుము దగ్గర కుట్లు విప్పి వదులు చేస్తాను. మెల్లగా బండిలో తీసుకెళ్ళి, మళ్ళీ మెల్లగా..."

"ఏం మాట్లాడుతున్నావు అన్నయ్యా? ఇప్పుడే కదా చెప్పాను."

"విన్నాను. విని కూడా సిగ్గు లేకుండా అడుగుతున్నాను."

"నేను రాకపోతే నీ ఉద్యోగం పోతుందా?"

"పోతుంది. కానీ అంతకన్నా పెద్ద చిక్కొచ్చింది. నువ్వు రాకపోతే మా పెద్దమ్మాయిని తీసుకురమ్మన్నాడు నల్లద్దాలాయన."

"దాన్నా? డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది కదా అది."

"ఒక్క రోజే కదా అంటాడు. అది ఒక్క గంట కూడా తట్టుకోలేదు చెల్లీ. కొత్తవాళ్ళెవరైనా తేరిపార చూస్తే ఆ పూట అన్నం ముట్టదు. నలుగురున్న గదిలోకి రావాలంటే గోడ పట్టుకొని నడుస్తుంది. దాని మనసు నాకు తెలుసు. ఆ పెట్టె మీద నిలబెట్టి, వాడు చుట్టూ తిరుగుతూ అక్కడ లాగు, ఇక్కడ బిగించు అంటుంటే... లోపల్లోపలే చచ్చిపోతుంది అది."

"నేనెలా తట్టుకున్నాననుకున్నావు?"

"నువ్వు..."

"చెప్పు. ఇన్నాళ్ళూ నా గురించి ఏమనుకున్నావు?"

"ఏమీ అనుకోలేదు. నిజం చెబుతున్నాను. అసలా ఆలోచనే రాలేదు."

"అందుకని దాని బదులు నన్ను ఎక్కించడానికి వచ్చావు. తప్పంతా నల్లద్దాలాయన మీదికి నెట్టి."

"అవును."

"ఇంతకీ నా మేనకోడలి సంగతి ఆయనకెలా తెలుసు? అదెప్పుడూ ఆ గేటు దాటి లోపలికి రాలేదే."

"నేనే. అచ్చం మీడియం కొలతలున్న మనిషి ఎవరైనా ఉన్నారా అని నిన్న అందరినీ అడుగుతున్నాడు. ఇంట్లో బట్టలు కుట్టి కుట్టి కొలతలు నాకు నాలుక చివరే ఉన్నాయి. భుజం, ఛాతీ, నడుము, తుంటి, అన్నీ గడగడా అప్పజెప్పాను. సరిగ్గా సరిపోయింది మాస్టరూ, ఎవరా మనిషి అన్నాడు. మా అమ్మాయి అన్నాను. ఆ మాట నా చెవిన పడ్డాకే తెలిసింది చెల్లీ, నేను ఎవరి ఒంటి కొలతలు చెప్పానో."