పెద్దవల కోసేద్దామన్న రోజు

దానయ్య చేతిలో కత్తంట. దేనికనుకున్నారు? వల కొయ్యడానికి! వలంటే ఏదో చిన్నదనుకోకండి, ఊరుమ్మడి పెద్దవల. పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో వంపుగా దింపితే, ఒడ్డు మీద ఉత్తరం తాడు పాతికమంది, దక్షిణం తాడు పాతికమంది లాగాలి. రెండూ సమానంగా రావాలి, ఒకటి ముందొచ్చిందా, చేప పక్కనించి జారిపోద్ది. ఉత్తరం తాడుకి దానయ్య పెద్ద, దక్షిణం తాడుకి అతని బావ ఎర్రయ్య పెద్ద. ఏమైందంటే, నెల్రోజులుగా వల వంకరగానే వస్తోంది, యాభై ఇళ్లలో చేప ముక్క లేదు. మీవాళ్లు బద్ధకస్తులని దానయ్య, మీవాళ్లు దూకుడుగాళ్లని ఎర్రయ్య, మాటా మాటా పెరిగి సగం నీది సగం నాది కోసేద్దాం అనుకున్నారంట. చేప పడేది వల నడిమి సంచిలో కదా, మరి ఆ సంచి ఎవరిది? అదెవరూ ఆలోచించలేదు.

వల అల్లిన ముసల్ది పోలమ్మ వచ్చి సరిగ్గా ఆ సంచి మీదే కూర్చుందంట. "కొయ్యండ్రా, నేనాపను. కానీ మన రేవులో ఒక పద్ధతుంది. కోసేముందు అవతలోడి బాధేటో నీ నోటితో చెప్పాలి. వాడు అవునంటేనే కత్తి ఆడాలి" అందంట. ఆ పద్ధతి నిజంగా ఉందో, అప్పటికప్పుడు పుట్టించిందో, నాకైతే అనుమానమే.

అదెంతసేపులే అనుకున్నాడు దానయ్య. "వీళ్లకి లాగడం బద్ధకం" అన్నాడు. కాదన్నాడు ఎర్రయ్య. "నేనంటే కుళ్లు." కాదు. "పెద్దరికం కావాలి." అదీ కాదు. ఎండ నెత్తికెక్కింది. ఒక్క కంచంలో తిని పెరిగిన మనిషి బాధేటో తనకి తెలీదా అని దానయ్యకి సిగ్గేసిందంట. ఆఖరికి మెల్లిగా, "మరేటి బావా?" అన్నాడు. నెల్రోజుల్లో అతను అడిగిన మొదటి మాట అదే అనుకో.

ఎర్రయ్య అరిచేతులు చాపాడు. తోలు లేదు. "ఈ నెలంతా నీరు దక్షిణం నుంచి ఈడుస్తోంది, వల బరువంతా మా మీదే. నీకటు తేలిక, హైలెస్సా అంటూ పరిగెడతావు. నిన్న మా తమ్ముణ్ణి తాడు నీళ్లలోకి ఈడ్చేస్తే అటునుంచి నవ్వావు." కాలు జారాడనుకుని నవ్వాడు దానయ్య, పాపం. ఆ మాటలన్నీ తన నోటితో మళ్లీ చెప్పాడంట. ఎర్రయ్య అవునని ఏడ్చాడు. తర్వాత ఎర్రయ్య వంతు. అతనూ రెండుసార్లు తప్పు చెప్పి, మూడోసారి అడిగాడు. "మా నాయన పోయాక తాడు నా చేతికొచ్చి ఏడాదే" అన్నాడు దానయ్య. "నేను కేకేస్తే మీవైపు ఒక్కరూ పలకరు. మావాళ్లంతా నా మొహం చూస్తారు. దూకుడు కాదు బావా, భయం." ఎర్రయ్య ఆ మాటలు తన నోటితో చెప్పి, "పలకడానికి మాకు ఊపిరుంటే కదయ్యా!" అన్నాడంట.

మర్నాడు దానయ్య ఆరుగురిని దక్షిణం తాడుకి పంపాడు, తనూ అటే వెళ్లి ఆ బరువు పట్టి చూశాడు. వల తిన్నగా వచ్చింది. ఆ కత్తి చేపలు కొయ్యడానికి పనికొచ్చింది. ఇప్పటికీ మా రేవులో అటునుంచి "ఓ" అని పలికితేనే ఇటు తాడు కదుల్తుంది.

ఈ పద్ధతి నేను మా ఇంట్లో కూడా పెట్టాను. మా ఆయన ముప్పై ఏళ్లుగా నా బాధేటో తప్పు చెప్తానే ఉన్నాడు. మరేటీ అని అడగడం మాత్రం ఇంకా తట్టలేదు.